గదే గుంత, గదే మొక్క

ఆదివారం, రాత్రి.

బోయిగూడ హాల్ల ఇయ్యాల నా సోలో కామెడీకి జనం మంచిగనే నవ్విండ్రు. వనమహోత్సవంల లీడర్ మొక్క నాటుతడు, ఫోటో దిగినంక పీకి నర్సరీకి వాపస్ పంపుతడు, మల్ల వచ్చే ఏడు గదే గుంత, గదే మొక్క అని చెప్పిన. ముందు వరుసల కూసున్న మా కార్పొరేటర్ అందరికన్న ఎక్కువ నవ్విండు. గప్పుడే నాకు డౌటొచ్చింది. తన మీద జోకేస్తే ఏ లీడర్ గట్ల పొట్ట పట్టుకొని నవ్వుతడు?

అయిపోయినంక శాలువా కప్పి, చెవుల మెల్లగ అడిగిండు: "ఏం తమ్మీ, నర్సరీ ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే అన్నా, నేనే అల్లిన."

"ఆ నర్సరీల పనిచేసే మాలి గదా? సరే తీయ్, ఆని సంగతి నేను చూస్కుంట."

నవ్వుకుంటనే పోయిండు.

ఆ మాలి మొఖం సుత నేనెన్నడు చూడలే.