డాబా మీద చల్లమిరపకాయలు

ఫిబ్రవరి 2005, శనివారం రాత్రి

షాహీన్‌ని హాస్టల్ నుంచి పంపించేశారు. నా వల్లే.

లేడీస్ హాస్టల్ డాబా మీది నీళ్ల ట్యాంకులో చచ్చి తేలుతున్న పావురాన్ని ఫొటో తీసి రవీ నేనూ నడిపే కాలేజీ వార్తల వెబ్‌సైటుకి ఇచ్చింది తనే. పేరు బయటికి రానివ్వనని మాటిచ్చాను. రానివ్వలేదు కూడా. కానీ ఫొటోలో ఓ మూలన, ట్యాంకు పక్కనే, పచ్చ చున్నీ మీద తను ఎండబెట్టుకున్న చల్లమిరపకాయలు ఉన్నాయి. నా కళ్లకి పావురం తప్ప ఇంకేం ఆనలేదు. వార్డెన్ చూడగానే గుర్తుపట్టింది. పట్టదా మరి! పెరుగన్నంలోకి అవే కావాలని షాహీన్ని అడిగి మరీ తీసుకునేది ఆవిడే.

రవిగాడేమో మధ్యాహ్నం నుంచి ఒకటే ఎగరడం. "ఒరేయ్, మన సైటుకి ఇంతమంది ఎప్పుడూ రాలేదురా!" చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంటికెళ్లి వాళ్ల నాన్నకి ఏం చెబుతుందో...

బస్టాండులో ఒంగోలు బస్సు కిటికీ దగ్గర నిలబడి, "సైట్లోంచి ఫొటో తీసేస్తాను షాహీన్, వార్డెన్ కాళ్లైనా పట్టుకుంటాను" అన్నాను.

"ఉంచు. ట్యాంకు ఇంకా కడగలేదు" అంది. "డాబా తలుపుకి మాత్రం తాళం వేశారు."