పేరు చెప్పని తీర్పు

సెప్టెంబర్ 22

ఈ రోజు నేను చెప్పే ధర్మశాస్త్రం క్లాసులో వడ్రంగి జెరఖ్ లేచి అడిగాడు. డెబ్బై దాటిన మనిషి, ఇన్సులిన్ మీద బతుకుతున్నాడు. యోమ్ కిప్పూర్, మా యూదుల ప్రాయశ్చిత్త దినాన, ఉపవాసం వద్దని డాక్టర్ అన్నాడట. పదమూడో ఏటి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదట. రోజంతా మంచం దిగకుండా పడుకుంటే ఉపవాసం ఉండవచ్చని చెప్పాను. ఆధారాలన్నీ వరుసగా చూపించాను. నా చేయి పట్టుకుని ఏడ్చాడు.

ఆ తీర్పు నాది కాదు. మా గురువు రబ్బీ పెరెట్స్ గారిది. పదహారేళ్ల కిందట ఆయన వంటింట్లో కూర్చుని విన్నాను. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. మింగేశాను.

సెప్టెంబర్ 23

ఆ తీర్పు పేటంతా పాకింది. కూరగాయల కొట్టాయన కూడా మెచ్చుకున్నాడు.

సెప్టెంబర్ 26

ఆ వాదన ఎవరిదని నా భార్య హోదయా అడిగింది. నాదే అన్నాను. ఎవరి మాట వారి పేరుతో చెప్పినవాడు లోకానికి విముక్తి తెస్తాడని మీరే కదా పాఠం చెప్తారు, అంది. చెప్పనివాడు ఏం తెస్తాడో అడగలేదు.

అక్టోబర్ 6

గురువుగారి కూతురు తిర్సా హైఫా నుంచి వచ్చింది. ఆయన పోయి రెండేళ్లు. ఆయన నోటు పుస్తకాలు అచ్చు వేయిస్తోంది. చివరి రోజుల్లో ఆయన ఒక తీర్పు వెనక్కి తీసుకున్నారట. ఇన్సులిన్ వాళ్ల ఉపవాసం గురించినదే. ఆ మాట నమ్మి పస్తు ఉన్న ఒకావిడ సాయంత్రానికి పడిపోయింది, మళ్లీ లేవలేదట.

"నా పేరుతో ఎవరైనా ఆ మాట చెప్తే వెంటనే ఆపమన్నారు నాన్న. రెండేళ్లుగా చెవులు రిక్కించుకునే ఉన్నాను. ఎవరూ ఆయన పేరెత్తలేదు" అంది, ఊరటగా.

టీ చేతిలోనే చల్లారిపోయింది.

అక్టోబర్ 7

జెరఖ్ ఇంటికి వెళ్లాను. ఉపవాసం వద్దన్నాను. నవ్వాడు.

"డాక్టర్ మిమ్మల్ని కూడా బెదరగొట్టాడా, రబ్బీ గారూ? ఆ రోజు అంతా ఆలోచించే చెప్పారు. నేను చూశాగా."

గురువుగారే వెనక్కి తీసుకున్నారని ఒక్క మాట అంటే ఆగేవాడు. పక్కింటివాళ్లిద్దరు అక్కడే కూర్చుని ఉన్నారు. రేపు ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకుని వచ్చేశాను.

అక్టోబర్ 8, మధ్యాహ్నం 3

ఈ సూర్యాస్తమయంతో ఉపవాసం మొదలు. జెరఖ్ ఇంటికి తాళం. పండగకి తిబెరియలో కొడుకు దగ్గరికి వెళ్లాడట. కొడుకు నంబర్ గానీ చిరునామా గానీ ఎవరి దగ్గరా లేదు. జెరఖ్ ఫోన్ ఆపేసి ఉంది. పండగ మొదలయ్యాక ఫోన్ ముట్టడం నిషేధం; ప్రాణం మీదికి వస్తే ఏ నిషేధమైనా దాటవచ్చు, రాత్రీ రేపూ కూడా ఫోన్ చేస్తూనే ఉంటాను. కానీ అతను రేపు రాత్రిదాకా ఫోన్ ముట్టడు.

వాయిస్ మెసేజ్ పెట్టాను. రబ్బీ పెరెట్స్ అని మొదటిసారి పలికాను. వినేవాళ్లు లేరు.

అక్టోబర్ 10, తిబెరియ ఆసుపత్రి

జెరఖ్‌కి స్పృహ రాలేదు. ఉపవాసం ఉండవచ్చని ఎవరు చెప్పారని డాక్టరమ్మ అడిగింది. గురువుగారు ఆ మాటను ఎప్పుడో విడిచిపెట్టారు. ఇప్పుడది నా ఒక్కడిదే.

నా పేరు చెప్పాను. రాసుకుంది.