తుపాకీ ఆట, కాపురం ఆట

లాల్‌దర్వాజా, జూన్ 3

నాన్నకు వందనాలు.

నాకు మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. రోజంతా కాల్చడమే పని. నిన్న నలభై మందిని పడగొట్టాను. "మస్తు కొట్టినవ్!" అని మా పై అధికారి స్రవ్య మేడమ్ మెచ్చుకుంది. జైల్లో మీ మోకాలి నొప్పి తగ్గిందా?

మీ బిడ్డ,
బేబీ

జైలు, జూన్ 9

చి. బేబీకి దీవెనలు.

నా లారీ కింద పడి ఒక్క మనిషి చనిపోతే రెండేళ్లు శిక్ష వేశారు. నువ్వు ఒక్కరోజులో నలభై మందినా? రేపే మానెయ్.

మీ నాన్న,
డానియేలు

తా.క.: ఇక్కడ ఉత్తరాలు వార్డరు వైకుంఠం సారు చదివాకే మా చేతికిస్తారు. నలభై కింద ఎర్రగీత గీసి, "ఏ దళంరా నీ బిడ్డది?" అని అడిగారు.

లాల్‌దర్వాజా, జూన్ 15

నాన్నా,

అవి కంప్యూటర్ ఆటలు! అమ్మకానికి రాకముందే ఆడి, తప్పులు పట్టడం మా పని. మీరు బాధపడ్డారని వేరే ఆటలోకి మారాను. ఇందులో మనం ఒక వేషం ఎత్తి బతకాలి. నేను నాటువైద్యం చేస్తున్నాను. సోమవారం ఒక కమ్మరిని పెళ్లాడాను.

బేబీ

తా.క.: అమ్మకు నచ్చాడు. గడ్డమే కాస్త ఎక్కువంది.

జైలు, జూన్ 21

బేబీ,

తుపాకీలు ఆటేనని తెలిసి ప్రాణం కుదుటపడింది. కానీ పెళ్లి కూడా ఆటేనా? ఏ చర్చిలో చేసుకున్నావు? తండ్రి జైల్లో ఉన్నాడని వాళ్లకు చెప్పావా?

నాన్న

తా.క.: "మొదటి పెళ్లాం గిట్ల ఉన్నదేమో అడుగు" అంటున్నారు వార్డరు సారు.

లాల్‌దర్వాజా, జూన్ 27

నాన్నా,

అతనూ బొమ్మే! తుపాకీ ఆటలో పడినవాళ్లకు పేర్లుండవు. రెండు క్షణాల్లో మాయమైపోతారు. ఈ ఆటలో అందరికీ పేరు, ఇల్లు, అలకలు ఉంటాయి. మనం చేసింది మర్చిపోరు. పోయిన వారం వేటలో నా బాణం గురితప్పి ఒక పడవవాడు చచ్చిపోయాడు. వాళ్లమ్మ రేవులో నిలబడి "నా కొడుకేడి?" అని రోజూ నన్ను అడుగుతోంది. ఎంచుకుని చెప్పడానికి ఆటలో మూడు జవాబులు రాసిపెట్టారు. మూడూ నోటికి రావడం లేదు.

బేబీ

తా.క.: కమ్మరి అలిగి పుట్టింటికి పోయాడు.

జైలు, జూలై 4

బేబీ,

పడవవాడి సంగతి చదివి రెండు రోజులు అన్నం తినలేకపోయాను. నా లారీ కింద పడ్డాయన్ని కోర్టులో "మృతుడు" అనే అన్నారు. కాగితాల్లో పేరు ఉండే ఉంటుంది. నేను చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ వెనక అని విన్నాను. పేరు కనుక్కుంటావా?

నాన్న

లాల్‌దర్వాజా, జూలై 12

నాన్నా,

పేరు లక్ష్మయ్య. ఆయన భార్య లలితమ్మ తలుపు తీసింది. నేనెవరో చెప్పాను. మొహం మీదే తలుపు వేస్తుందనుకున్నాను. కూర్చోమంది.

"మీ నాయన పారిపోలే. లారీలనే దవాఖానకు తీస్కపోయిండు. తొవ్వల మా ఆయన ఏదో అన్నడంట. ఏమన్నడో నాకు ఎవ్వరు చెప్తలేరు. అడుగు బిడ్డా" అంది.

ఏమన్నాడు నాన్నా?

బేబీ

జైలు, జూలై 18

బేబీ,

లక్ష్మయ్య గారు సీటుకు ఒరిగి తన చొక్కా చూసుకున్నారు. "కొత్త అంగి. లలిత తిడుతది" అన్నారు. అంతే. దేవుణ్ణి తలవలేదు. మంచినీళ్లు అడగలేదు. కోర్టులో చెబితే నవ్వుతారేమోనని చెప్పలేదు.

నాన్న

తా.క.: ఆమె ఎవరినైనా తిట్టాలనుకుంటే నాకు రాయమను. ఎన్ని పేజీలైనా చదువుతాను.