ఆలూరులో పోటు వేళ

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది.

కుళాయి కింద బిందె పెట్టి, "ఈపాటికి మా ఊళ్ళో పోటు వచ్చుంటది" అనేదానివి. "యాడ సముద్రం, యాడ ఆలూరు" అని నవ్వేవాణ్ణి. సముద్రం కూడా మన కుళాయిలాగా రోజూ ఒకే వేళకు వస్తుందనుకున్నాను. రోజుకు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని నువ్వే నేర్పావు.

నాలుగు రోజుల కిందట మీ ఊళ్ళో ఉన్న మీ తమ్ముణ్ణి పోటు వేళ అడిగి, అప్పట్నుంచి రోజుకు యాభై నిమిషాలు కలుపుకుంటూ వచ్చాను. ఈ ఉదయం లెక్క చెప్పి, చూడమన్నాను. ఒడ్డు మీద నుంచే ఫోన్ చేశాడు.

"నీళ్ళొచ్చేశాయి బావా. అచ్చం అక్క చెప్పినట్టే చెప్పారు."

ఫోన్ పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. కుళాయి కింద పెట్టిన బిందె పొర్లి నీళ్ళు వాకిలంతా పారాయి. చుక్క ఒలికినా ఊరుకునేదానివి కాదు. ఈ రోజు ఎవరూ ఏమీ అనలేదు.