డెనీ బంతి, ఈలై బంతి

ఆగస్టు 6, సోమవారం

డెనీ కోస్టెల్ వచ్చేశాడు. పధ్నాలుగేళ్ళు పెద్ద లీగులో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, మోకాలు రెండుసార్లు కోయించుకుని, రిటైరై, ఇప్పుడు మా ఊరి హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్. నేను పద్దెనిమిదేళ్ళుగా అక్కడే అసిస్టెంట్ కోచ్‌ని. పాత కోచ్ వెళ్ళిపోతే ఆ కుర్చీ నాదేనని నాకు తెలుసు, నా భార్య రెనాటాకి తెలుసు, మా కుక్కకి కూడా తెలుసు. స్కూల్ బోర్డుకే తెలియలేదు.

డెనీ, నేనూ చిన్నప్పుడు ఇదే జట్టులో ఆడాం. వాడు క్వార్టర్‌బ్యాక్. మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో విసిరేది, ఆట నడిపించేది వాడే. వాడికేమైనా అయితే దిగడానికి బెంచీ మీద కూర్చున్నది నేను. వాడికేమీ కాలేదు, ఒక్కసారి తప్ప.

గట్టిగా కావలించుకున్నాడు. ఒరేయ్ వాల్ట్, నీకింకా జుట్టుందేంట్రా అన్నాడు. నువ్వు లేకపోతే నాకిక్కడ దిక్కెవర్రా అని కూడా అన్నాడు. వాడి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా తెచ్చుకున్నాను.

ఆగస్టు 9, గురువారం

గాలో దగ్గర క్షవరం. సెలూనూ ఆయనదే, స్కూల్ బోర్డు పెద్దరికమూ ఆయనదే. కాబట్టి ఊరి సంగతులన్నీ ఆ కుర్చీలోనే తేలతాయి.

ఇవాళ్టి తగువు, పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ మంచి కోచ్ అవుతాడా కాడా అని. అంత వంట చేసినవాడికి వడ్డించడం రాదా అన్నాడు గాలో. వెనక పేపర్ చదువుతున్న పెద్దమనిషి ఒప్పుకోలేదు. గొప్పవాళ్ళకి అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి, ఎలా వచ్చాయంటే వాళ్ళకే తెలీదు, ఇక పిల్లలకేం చెబుతారు నా మొహం అన్నాడు. బెంచీ మీద కూర్చుని రెండేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూసినవాడికే ఆట తెలుస్తుందట. అలా అని నావైపు చూశాడు.

నువ్వేమంటావు సబో అని గాలో నన్ను ఇంటిపేరుతో పిలిచి అడిగాడు. నా మెడ మీద నుంచి కత్తి తీశాక చెబుతానన్నాను.

డబ్బులిచ్చేటప్పుడు మెల్లగా ఒక మాట చెప్పాడు. డెనీని ఒక్క ఏడాదికే తీసుకున్నారట. నవంబర్లో బోర్డు మళ్ళీ కూర్చుంటుందట. నువ్వు మాత్రం ఎక్కడికీ పోకు అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఎక్కడికీ పోనివాణ్ణి, ఇప్పుడెక్కడికి పోతాను?

ఆగస్టు 15, బుధవారం

ప్రాక్టీసు చూడ్డానికి జనం మడత కుర్చీలు తెచ్చుకుంటున్నారు. కాఫీ ఫ్లాస్కులు, కుక్కలు, మనవలు. మా ప్రాక్టీసుకి ఎప్పుడూ ఈగ కూడా వచ్చేది కాదు.

వాళ్ళు వచ్చేది డెనీ చెయ్యి చూడ్డానికి. బంతి పట్టాల్సిన రిసీవర్లు ముందుకు పరిగెడుతుంటే వాడే బంతి విసురుతాడు. వాళ్ళు వెనక్కి తిరిగి చేతులు చాచేసరికి బంతి అక్కడుంటుంది. పట్టుకోనక్కర్లేదు, తల్లి చేతిలో బిడ్డని పెట్టినట్టు వచ్చి కూర్చుంటుంది. నలభై నాలుగేళ్ళొచ్చినా చెయ్యి అలాగే ఉంది పాపిష్టివాడికి.

మా క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు ఈలై ప్రోకప్ పక్కన నిలబడి చూస్తాడు. బుద్ధిమంతుడు, పన్నెండో తరగతి. కోచ్, అలా ఎలా వేశారు అని అడిగాడు. ఇలా, అని డెనీ ఇంకోటి వేశాడు. అంతే, పాఠం అయిపోయింది.

సెప్టెంబర్ 1, శనివారం

నిన్న మొదటి మ్యాచ్. ఓడాం. ఈలై విసిరినవి సగానికి సగం మావాళ్ళ చేతుల్లోంచి జారి కింద పడ్డాయి. వానా లేదు, చలీ లేదు.

సెప్టెంబర్ 8, శనివారం

మళ్ళీ ఓడాం. మళ్ళీ అదే.

సెప్టెంబర్ 15, శనివారం

మూడోదీ పోయింది. నిన్న స్టాండ్స్‌లోంచి ఎవడో అరిచాడు, ఒరేయ్ ప్రోకప్, అది బంతిరా, ఇటుక కాదు అని. జనం పడీ పడీ నవ్వారు. ఈలై వాళ్ళమ్మ కూడా అక్కడే కూర్చుని ఉంది.

డెనీని మాత్రం ఎవరూ ఏమీ అనడం లేదు. ఆయన ఉంటే మాత్రం ఏం చేస్తాడు పాపం, చేతకాని పిల్లాణ్ణి పెట్టుకుని అంటున్నారు. గాలో అలా అనడం లేదు. నన్ను చూసి తల పంకించాడు. ఆ తల పంకింపు నాకు నచ్చింది. ఇంటికొచ్చి రెండు బీర్లు తాగాను.

సెప్టెంబర్ 17, సోమవారం

ఇవాళ విషయం తెలిసిపోయింది. తెలియకపోతేనే బాగుండేది.

ప్రాక్టీసు మధ్యలో డెనీకి కూతురి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కాసేపు నువ్వు వెయ్యరా అని ఈలైకి బంతి ఇచ్చి కార్ల వైపు వెళ్ళాడు. ఈలై వేశాడు. రిసీవర్ వదిలేశాడు. ఇంకోటి వేశాడు, ఇంకొకడు వదిలేశాడు. డెనీ తిరిగొచ్చి వేశాడు. పట్టారు. అమ్మయ్య, ఇదీ బంతంటే అని ఒకడు అన్నాడు, ఈలైకి వినపడేలాగే.

నేను వాళ్ళ చేతులు చూశాను. ఈలై బంతి చెడ్డదేం కాదు. చివర్లో కోసుగా ఉన్న ముక్కుని కొంచెం కిందికి వాలుస్తుంది. ప్రతి క్వార్టర్‌బ్యాక్ బంతికీ ఒక గుణం ఉంటుంది, దానికిది. కానీ ఈ పిల్లలు నెలన్నరగా రోజూ డెనీ బంతే పడుతున్నారు. డెనీ బంతి ఎక్కడికొస్తుందో అక్కడ చేతులు మూసుకుంటాయి. ఈలై బంతి జానెడు కిందికి వస్తుంది, అప్పటికి చేతులు మూసుకుపోయుంటాయి. సొంత క్వార్టర్‌బ్యాక్ బంతిని వాళ్ళు శుక్రవారం మ్యాచ్‌లోనే చూస్తున్నారు. ఎప్పుడో వచ్చే చుట్టాన్ని చూసినట్టు.

తప్పు ఈలైది కాదు, రిసీవర్లదీ కాదు. డెనీ చేతిది. చూపించడానికి విసిరి విసిరి జట్టుని పాడుచేశాడు. నాలాంటి మామూలువాడు కోచ్ అయితే ఇది జరిగేదే కాదు. నేను విసిరితే చూడ్డానికి ఎవరొస్తారు?

తర్వాత కారులో చాలాసేపు కూర్చుండిపోయాను. పదకొండో తరగతిలో డెనీకి చీలమండ బెణికి, డాకెట్ క్రీక్ జట్టు మీద నన్ను దింపారు. నేను పది విసిరితే మావాళ్ళు రెండు పట్టారు. చిత్తుగా ఓడాం. మర్నాడు ఊరంతా ఒకటే మాట, వాల్ట్‌కి విసరడం రాదని. చేతికొచ్చిన బంతులే వదిలేశారని నాకు అప్పుడే అనిపించింది. ఆడలేక మద్దెల ఓడు అంటారని నోరు మూసుకున్నాను. కొన్నాళ్ళకి నేనూ అదే నమ్మాను. మళ్ళీ మ్యాచ్‌లో బంతి విసరలేదు.

అప్పటి మా జట్టు పిల్లలూ రెండేళ్ళు డెనీ బంతే పట్టారు. నా బంతి వాళ్ళకి చుట్టం.

సెప్టెంబర్ 18, మంగళవారం

డెనీకి చెప్పలేదు.

సెప్టెంబర్ 19, బుధవారం

రెనాటాకి చెప్పాను. క్యాబేజీ నూడుల్స్ కలుపుతూ వింది. అయితే వెళ్ళి చెప్పు అంది. చెబితే వాడు దిద్దుకుంటాడన్నాను. దిద్దుకోనీ అంది. గెలుస్తాడన్నాను. గెలవనీ అంది. నవంబర్లో కుర్చీ వాడికే ఇస్తారే అన్నాను. అప్పుడు గరిటె ఆపింది.

ఏమయ్యా, నీ ఏడుపు కుర్చీ పోతుందనా, ఇన్నేళ్ళూ ఉత్తపుణ్యానికి చేతకానివాడివి అనిపించుకున్నాననా అని అడిగింది. రెండూ అన్నాను. పోనీ, నిజమే చెప్పావు, తిను అంది.

సెప్టెంబర్ 22, శనివారం

నాలుగోదీ ఓడాం.

మ్యాచ్ అయ్యాక ఈలై నా దగ్గరికొచ్చాడు, డెనీ దగ్గరికి కాదు. తన చోటు పదో తరగతి కుర్రాడికి ఇచ్చేయమన్నాడు. నాకు విసరడం రాదు కోచ్ అన్నాడు. ఏడవలేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు.

నేనూ అచ్చం అలాగే చెప్పేవాణ్ణి.

చూద్దాంలే అని పంపేశాను. అక్కడికక్కడ చెప్పాల్సింది. నా మీద నాకే రోత పుట్టింది.

సెప్టెంబర్ 24, సోమవారం

చెప్పేశాను. డెనీ సామాన్ల గదిలో బంతులకి గాలి కొడుతున్నాడు. తలుపు మూసి, చేతుల సంగతంతా చెప్పాను. డాకెట్ క్రీక్ మాట ఎత్తలేదు.

ముందు నవ్వాడు. తర్వాత కోపమొచ్చింది. విసరడం గురించి నువ్వు నాకు నేర్పుతావురా అన్నాడు. తర్వాత పంపు పక్కన పెట్టి, ఒక బంతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. మరి నేనేం చెయ్యాలిరా అన్నాడు. నాకు చెప్పడం రాదురా అన్నాడు. ఆ పిల్లాడు ఎలా వేశారు అని అడిగితే నాకేం తెలుసురా, చేతిలోంచి వస్తుంది అంతే, అందుకే వేసి చూపిస్తున్నా అన్నాడు. వాడు అబద్ధమాడటం లేదు. పద్దెనిమిదేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, భయపడ్డ కుర్రాడి మొహం నాకు తెలుసు.

నీకిది ఎప్పుడు తెలిసింది అని అడిగాడు. పోయిన సోమవారం అన్నాను. అయితే ఒక మ్యాచ్ నాచేత ఓడించావన్నమాట అన్నాడు. అవునన్నాను. నీ చోట నేనుంటే అన్నీ ఓడించి ఉండేవాణ్ణిరా అన్నాడు.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని మిగిలిన బంతులకి గాలి కొట్టాం.

సెప్టెంబర్ 26, బుధవారం

డెనీ చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడుతున్నాడు. బయటికి తీస్తే ఆగవని వాడికీ తెలుసు. ఈలై వేస్తున్నాడు. రాలినవి రాలుతున్నాయి. మడత కుర్చీలవాళ్ళు సగం మంది మధ్యలోనే ఇళ్ళకి పోయారు.

ఈలైతో నేనే మాట్లాడాను. పదో తరగతివాడికి ఇస్తానుగానీ ముందు వారం రోజులు నువ్వే వెయ్యి, తప్పు నీ చేతిది కాదు అన్నాను. నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

విసిరేటప్పుడు ఈలై మోచెయ్యి గురించి ఏం చెప్పాలిరా అని డెనీ నన్ను చాటుగా అడిగాడు. ఏమీ చెప్పకు, రిసీవర్లనే కిందికి చూడమను అన్నాను. వెళ్ళి చెప్పాడు. వాడు చెబితే వింటారు, నేను చెబితే తలూపుతారు.

సెప్టెంబర్ 29, శనివారం

ఓడాం. కానీ పట్టుకున్నారు.

అక్టోబర్ 6, శనివారం

గెలిచాం. మమ్మల్ని గెలిపించిన ఆఖరి టచ్‌డౌన్ బంతి చివర్లో ముక్కు వాల్చింది. రిసీవర్ మోకాళ్ళ దగ్గర దాన్ని ఎత్తుకున్నాడు. ఈలై వాళ్ళమ్మ, నిన్నటిదాకా ఇటుక అన్న జనం మధ్యలో లేచి నిలబడి ఒక బూతుమాట గట్టిగా అరిచింది. చర్చిలో పాడే మనిషి. నాకు భలే సంతోషమేసింది.

అక్టోబర్ 20, శనివారం

వరసగా మూడు గెలుపులు. గాలో కుర్చీలో కూర్చున్నాను. చూశావా సబో, స్టార్ అంటే స్టారే, వంటొచ్చినవాడికి వడ్డించడం రాకపోవడమేమిటి అన్నాడు. కత్తి మెడ మీదే ఉంది.

నవంబర్ 7, బుధవారం

బోర్డు కూర్చుంది. డెనీకి మూడేళ్ళు రాసిచ్చారు. చప్పట్లు. డెనీ మైకు దగ్గరికొచ్చి, పిల్లలు కష్టపడ్డారు అని, అందరికీ థాంక్స్ అని దిగిపోయాడు. నా పేరెత్తలేదు.

కోపమొచ్చింది. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు, బాగా వచ్చింది.

బయట కార్ల దగ్గర పట్టుకున్నాడు. చెబుదామనే లేచానురా, మైకు చూడగానే అంతా ఎగిరిపోయింది, నాకు చెప్పడం రాదని నీకు తెలుసుగా అన్నాడు. తెలుసన్నాను. వెళ్ళిపోబోతుంటే ఆపాడు. డాకెట్ క్రీక్ మ్యాచ్ రోజు నేను మంచు బకెట్లో కాలు పెట్టుకుని బెంచీ మీద కూర్చుని నవ్వాను కదరా అని అడిగాడు.

గుర్తులేదన్నాను.

నాకు మొన్ననే గుర్తొచ్చింది అన్నాడు. శనివారం గ్రౌండ్‌కి రమ్మన్నాడు.

నవంబర్ 10, శనివారం

గ్రౌండ్ ఖాళీ. గడ్డి మీద మంచు. డెనీ బంతి నా చేతికిచ్చి, కుంటుకుంటూ ముందుకు పరిగెత్తి, చేతులు చాచాడు.

వేశాను. వదిలేశాడు.

ఇంకోటి వేశాను. అదీ వదిలేశాడు. వంగి తీసి, బంతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. నువ్వు బాగానే విసురుతున్నావురా, నాకే పట్టడం రావట్లేదు అన్నాడు.

బంతి నాకు తిరిగిచ్చి, మళ్ళీ పరిగెత్తాడు.