యాడి వాగు

ఖమ్మం,
డిసెంబర్ 14, 2025.

యాడికి,

నీ కూతురు భాను దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను, మామయ్య, అత్తయ్య కులాసా. అక్కడ నువ్వు, బాపు, మన మేకలు కులాసాగా ఉన్నారని అనుకుంటాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని తెలుగు సార్ చెప్పారు కాబట్టి రాశాను. నిజానికి నేను కులాసాగా లేను.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పబోయాను. నువ్వు ఎత్తగానే దెబ్బ మానిందా బిడ్డా అని అడుగుతావు, మానిందని చెప్పి ఫోన్ పెట్టేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు నీకు తెలియని సంగతి. మా బడిలో అందరూ మామయ్యనీ అత్తయ్యనీ మా అమ్మానాన్నలనుకుంటారు. మొదట ఎవరో పొరబడ్డారు, నేను సరిదిద్దలేదు. తర్వాత మీ అమ్మ ఏం చేస్తుందని అడిగితే, అత్తయ్యను తలుచుకుని బ్యాంకులో పనిచేస్తుందని చెప్పేశాను. ఇక తండా ఊసే ఎత్తలేదు. మన లంబాడీ మాట ఒక్కటి కూడా బడిలో నోట రానివ్వలేదు.

మా సోషల్ మేడం ప్రసూన గారు మధిర వైపు నుంచి కొత్తగా వచ్చారు. వాగు గురించి పుస్తకంలో బట్టీపడితే రాదు, వాగులో దిగితేనే వస్తుందని ఆమె పట్టు. టేకులపల్లి దాటాక అడవి పక్కన చక్కగా వంపు తిరిగిన వాగు ఉందని అందరినీ బస్సెక్కించారు. ఇన్ని వాగులుండగా మన వాగే దొరకాలా! బస్సు మన తండా మలుపు తిరిగేసరికి ముందు సీటు వెనక తల దాచుకున్నాను. అడిగినవాళ్లకు బస్సు పడలేదని చెప్పాను.

వంపు బయటివైపు నీళ్లు ఒడ్డును ఎలా కోస్తాయో, లోపలివైపు ఇసుకను ఎలా పరుస్తాయో మేడం చూపించారు. కర్రముక్కలు వదిలి నీటి వడి కొలిచాం. వాగు వెడల్పు కొలవడానికి టేపు ఒక కొస నాకిచ్చారు. అప్పుడే నువ్వు నడుముకు పత్తి మూటతో చేనులోంచి వచ్చావు. నన్ను చూడగానే నీ మొహం వెలిగింది. నేను తల తిప్పుకున్నాను. నీకు ఇట్టే అర్థమైపోయింది. కాళ్లు కడుక్కోవడానికి వచ్చినదానిలా ఓ పక్కన నిలబడ్డావు.

నిన్ను చూడకూడదన్న ధ్యాసలో కాలెక్కడ వేస్తున్నానో చూడలేదు. ఒడ్డు విరిగి నీళ్లలో పడ్డాను. పడుతూ యాడీ అని అరిచాను. ఇన్నాళ్లూ దాచిన మాట దెబ్బ తగలగానే దానంతటదే బయటికొచ్చింది. నువ్వు పత్తి మూటతోనే దూకి నన్ను లేపావు. పొద్దుటి నుంచీ ఏరిన పత్తంతా తడిసి ముద్దయింది.

యాడి అంటే ఏందే అని మా క్లాసు భార్గవి అడిగింది. అమ్మ అని చెప్పడానికి ఎంతసేపు? నీ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. ఈ వాగు పేరట, ఇందాక ఎవరో అనగా విన్నాను అని చెప్పాను. మన వాగుకు పేరెక్కడిది? వాగంటే వాగే. మేడం నీ వైపు తిరిగి, నిజమేనా అమ్మా అని అడిగారు. నువ్వొకసారి నా మొహం చూశావు. అవ్ మేడం, యాడి వాగే, మేం గట్లనే అంటం అన్నావు. నాకు తల తీసేసినట్టయింది.

ఇప్పుడు మా క్లాసు గోడకు పెద్ద చార్టు ఉంది. నీలంరంగు వాగు, పక్కన మేడం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన యాడి వాగు. ఏ మ్యాపులోనూ లేని పేరు మా పిల్లలు పట్టుకొచ్చారని ఆమె కనబడ్డవాళ్లకల్లా చెప్పుకుంటున్నారు. క్లాసులో ఒకరు యాడి లోతు తక్కువ అంటారు. ఇంకొకరు ఎండాకాలం యాడి ఎండిపోతుందా అంటారు. యాడి అంతా బురదే అని మొన్న భార్గవి అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, యాడీ. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో చూడాలంటే నన్ను చూస్తే చాలు.

ఆ చార్టు జిల్లా ప్రదర్శనకు వెళ్తోంది. పక్కన నిలబడి ఆ పేరెలా దొరికిందో చెప్పాల్సింది నేనే. అంతమందిలో ఆ అబద్ధం మళ్లీ ఆడితే, నిన్ను యాడీ అని పిలిచే మొహం ఇక నాకుండదు. నిజం చెప్పేద్దామని స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వెళ్తాను, లోపలికి తొంగిచూసి తిరిగొచ్చేస్తాను.

నువ్వు మాత్రం ఒక్క మాటా అనలేదు. పైగా మామయ్య చేత నాకిష్టమని పల్లీలు పంపావు. అవి ఇంకా మూట విప్పకుండా నా పెట్టెలోనే ఉన్నాయి. నువ్వు చీపురు తిరగేసినా బాగుండేది. నేను నా పరువు కోసం అబద్ధమాడాను, నువ్వు నా కోసం ఆడావు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఇట్లు,
నీ బిడ్డ
భాను

తా.క.: యాడీ, నీకొచ్చే కాగితాలు ఎప్పుడూ మన లాలి అక్క చదివి పెడుతుంది. ఈసారి ఆమెకు పంపడం లేదు. ప్రదర్శనకు ముందు కొలతలు సరిచూసుకోవడానికి మేడం మళ్లీ వాగు దగ్గరికి వస్తున్నారని తెలిసి, కవరు అంటించి మేడం చేతికే ఇస్తాను. ఆ రోజు నన్ను నీళ్లలోంచి లేపిన ఆమెకు చదువు రాదు, మీరే విప్పి చదివి పెట్టండని అడుగుతాను. లోపల ఏముందో చెప్పను.

మేడం, మొదటి పేజీలోనే మీకు అర్థమై ఉంటుంది. మధ్యలో ఆపకుండా చదివినందుకు దండాలు. చార్టు మీద ఆ పేరు కొట్టేయండి. వాగుకు పేరు లేదు. యాడి మీ ఎదురుగా కూర్చుని ఉంది.