యాంకరేజ్ నుండి సియాటిల్‌కు నాలుగు రోజులని రాసిన తప్పు దిద్దమని

సియాటిల్ ఆసుపత్రిలో కాలేయ మార్పిడి జాబితా చూచు అధికారి వారి సముఖమునకు, యాంకరేజ్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించు లియోన్ షాంగిన్ చేసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: నా భార్య మార్ఫా పేరు జాబితాలో పక్కన పెట్టుట గురించి.

1. కబురు అందిన ఆరు గంటల్లో ఆసుపత్రి చేరగలవారికే కాలేయం ఇవ్వబడునని తమ నిబంధన. తమ దరఖాస్తులో "ఇంటి నుండి ఆసుపత్రికి కారులో ఎంత సమయం?" అని ఒకటే గడి ఉన్నది. అబద్ధం రాయకూడదని "నాలుగు రోజులు, దారిలో కెనడాలో మంచు కురవకపోతే" అని రాసితిని. యాంకరేజ్‌ వాడెవడూ ఆసుపత్రి కోసం సియాటిల్‌కు కారులో పోడు. అడిగారు గనుక రాశాను.

2. ఫోను చేయగా తమ గుమాస్తా గారు, "నాలుగు రోజులని మీరే రాశారు కదండీ, మేమేం చేస్తాం?" అన్నారు.

"విమానంలో మూడున్నర గంటలేనమ్మా!"

"విమానానికి గడి లేదండీ."

మార్ఫా పక్కనే ఉండి విన్నది. "జానెడు చేపని మూరెడు చేసి చెప్తావు ఊరందరికీ. నా ప్రాణం దగ్గరికొచ్చేసరికి నీకు సత్యం గుర్తొచ్చిందా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

3. మనవి చేయునదేమనగా, రోడ్డు మీద రెండు వేల రెండు వందల అరవై మైళ్ళు. గాలిలో పద్నాలుగు వందల యాభై. ఇరవై రెండేళ్ళుగా ఆ విమానాల్లోకి చేపల పెట్టెలు ఈ చేతులతోనే ఎక్కిస్తున్నాను. పొద్దున ఎక్కించిన సాల్మన్ సాయంత్రానికి తమ ఊరివాళ్ళ కంచాల్లో ఉంటుంది. పెట్టెలో ఐసు కరగకముందే చేప చేరుతున్నది. నా పెళ్ళాం చేరదా?

4. సియాటిల్‌లోనే కాపురముండి కాచుకోమన్నారు. ఈ పని మానితే, దీంతో వచ్చే ఆమె వైద్యపు బీమా పోతుంది.

5. పేరు పక్కన పెట్టి నేటికి నలభై ఒక్క రోజులు. ఆమె కళ్ళు పచ్చబడినవి. ఒళ్ళంతా దురద, రక్తం వచ్చేలా గోక్కుంటుంది. మార్చి దాటడం కష్టమని ఇక్కడి డాక్టరు చెప్పారు. అయ్యా, నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు.

కావున ఆ నాలుగు రోజులు కొట్టివేసి, ఇంటి గడప నుండి తమ గడపకు అయిదున్నర గంటలని దిద్ది, ఆమె పేరు మళ్ళీ ఎక్కించవలెనని ప్రార్థన. తప్పు రాసింది నేను. శిక్ష ఆమెకు వేయక చిత్తగించవలెను.

తమ దయకై కాచుకున్న విధేయుడు,
లియోన్ షాంగిన్

తా.క. ఈ అర్జీ టపాలో వేయలేదు. విమానంలో, మోకాలి మీద పెట్టి రాస్తున్నాను. ఈ ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి మా ఇంటికి తాళం వేశాం. ఇది తమ చేతికందగానే గోడ గడియారం చూడండి. తమ ఊరి టైము మాకంటే గంట ముందు, ఆ గంట తీసేయండి. ఆరు గంటలు దాటి ఉంటే ఈ కాగితం చించేయండి, మారు మాట్లాడను.

దాటకపోతే ఒక్కసారి తలెత్తండి. ఎదురుగా చక్రాల కుర్చీలో ఉన్నది మార్ఫా.